ఏటి

మూడో తరగతికి పన్నెండు ట్యాబులొచ్చాయి.
పదమూడో పిల్ల హైమ.
"నాకొద్దు సార్" అంది,
ఎవరూ అడక్కముందే.

పలాస నుంచి మా బడికి
రెండు ఆటోలు మారాలి, ఒక గెడ్డ దాటాలి.
సిగ్నలు మాత్రం గెడ్డ దాటదు.
మధ్యాహ్నం గుడ్ల లెక్క పంపడానికి
నీళ్ల ట్యాంకు నిచ్చెన ఆరో మెట్టు దాకా ఎక్కుతాను.
ఏడోది విరిగి మూడేళ్లయింది.
కింద ఢిల్లేశు నిచ్చెన పట్టుకుని
"ఎల్లిందా సార్?" అని అరుస్తాడు.
చదువంటే వాడికి
ఎక్కడికో ఎగిరిపోయే గుడ్ల సంఖ్య.

కొత్త యాప్ పిల్లల చేత మాట్లాడిస్తుంది, వింటుంది.
తప్పు లేకపోతే అయిదు నక్షత్రాలు.
ఉంటే ఓ ఆడగొంతు, ఎంత మర్యాదగానో,
"మళ్ళీ ప్రయత్నించు."
నిజం చెప్పాలి, ఆ గొంతుకి కోపం రాదు.
నాకు వస్తుంది.
పన్నెండుసార్లు తడబడినవాడికి
పదమూడోసారీ అదే తీపి.
నేర్చుకోవాల్సిందే అనుకుని
హాజరు పుస్తకం వెనకట్ట మీద రాసుకున్నాను కూడా.

హైమ వాళ్లమ్మ కాంతమ్మ
ఇరవయ్యేళ్లుగా జీడిపిక్కలు కొడుతోంది.
వేళ్ల మీది గీతల్ని జీడిసొన తినేసింది.
పిల్ల చదువు డబ్బులకి వేలు పెడితే
యంత్రం ఎర్రగా మెరిసి ఊరుకుంటుంది.
"ఏటి సేస్తాం బాబూ,
నా ఏలు నాది కాదంతంది."
నవ్వుతూనే అంది.
నేను నవ్వలేకపోయాను.

ఒక వానరోజు సగం మంది రాలేదు.
ఖాళీగా ఉన్న ట్యాబు తీసుకుని
గోడవైపు తిరిగి కూర్చుంది హైమ.
గుసగుస.
మూడు నెలల్లో నేను వినని గొంతు.
మనుషులు నవ్వుతారు, తెర నవ్వదు,
అంతే తేడా కాబోలు.

తెర మీద సంచి పట్టుకున్న కుర్రాడు.
వాణ్ణి ఏదైనా అడగాలట.
"సంచిలో ఏటి?" అంది.
చక్రం తిరిగింది.
ఏటి అంటే ఏరనుకుందేమో,
ఓ నది బొమ్మ చూపించింది,
ఒడ్డున బట్టలుతికే మనిషైనా లేని
శుభ్రమైన నీలం నది.
"మళ్ళీ ప్రయత్నించు."
"ఏటి."
నది.
"ఏటీ!"
నది.
వరదల్లో మహేంద్రతనయ కూడా
ఇన్నిసార్లు రాలేదు మా బడిలోకి.

విజయనగరంలో ట్రైనింగు గుర్తొచ్చింది.
నా మొదటి పాఠం. నోట్లోంచి "ఏటి" జారింది.
వెనక బెంచీలు గొల్లుమన్నాయి.
ఆ రాత్రి హాస్టల్ అద్దం ముందు
నాలుకని చెక్కుకున్నాను,
ఏమిటి, ఏమిటి, ఏమిటి.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడ
అదే చిత్రిక పట్టి పిల్లల నోళ్లు నున్నచేస్తున్నాను.
యంత్రాన్ని ఏమని తిట్టను?
నా శిష్యురాలే అది.

వెళ్లి పక్కన కూలబడ్డాను.
మా అమ్మతో మాట్లాడే గొంతు
ఎక్కడో అడుగున దొరికింది.
"ఒలే, సంచిలో ఏటున్నాదే?" అన్నాను ట్యాబుతో.
చక్రం. నది.
"మళ్ళీ ప్రయత్నించు."

"సార్ ఫెయిలైపోనారు రోయ్!"
ఢిల్లేశు కేకకి బడంతా,
అంటే ఆ రోజుకి అయిదుగురు,
చప్పట్లు.
హైమ కొంగులా గౌను అంచు నోటికి అడ్డం పెట్టుకుంది,
భుజాలు మాత్రం ఆగడం లేదు.

తర్వాత ట్యాబు తన వైపు లాక్కుంది.
గొంతు సవరించుకుంది.
"నీ సంచిలో ఏమి ఉన్నది?"
ఒక్కో అక్షరం ఇస్త్రీ చేసినట్టు.
అయిదు నక్షత్రాలు, గంటల మోత.

ఎప్పుడు నేర్చిందో, ఎక్కడ దాచిందో!
మెచ్చుకోవాలని నోరు తెరిచాను,
ఏ మాటతో మెచ్చుకోవాలో తెలీలేదు.

ట్యాబు అట్ట మూసి నా చేతికిచ్చింది.
"దీనికి మన మాట రాదు సార్, పాపం."
వాన తగ్గింది. చూరు ఇంకా కారుతోంది.
"మరేటి,
బెల్లు కొట్టీమంతారా?"